రెండు వారాలు నానాలి

వ్రోత్స్వావ్, 11 మే 2024

సిగరెట్ల కొట్టు బొగ్నా గారికి,

నా నంబరు బ్లాక్ చేశావు. మంచిదే. కాగితం మీదైతే నువ్వు మాట మధ్యలో అడ్డురాలేవు. ఈ పార్సెల్ నీకు కాదు, నాన్నకి. పార్సెల్ తెచ్చేవాడు నాలుగో అంతస్తు ఎక్కడు, నాన్న ఆ కాలితో దిగలేడు. అందుకే నీ కొట్టు చిరునామా రాయాల్సొచ్చింది. మన మధ్య ఉన్న సంబంధం ఇంతే అనుకో.

నాన్న పేరుపండుగ రోజు భోజనాల బల్ల దగ్గర నేనన్న మాట వెనక్కి తీసుకోను. ఆయన కాలి రక్తనాళం మూసుకుపోయింది దేనివల్ల? నలభై ఏళ్లు పీల్చిన సిగరెట్ల వల్ల. నువ్వు రోజూ పొద్దున్నే ఆ చిన్న కిటికీలోంచి ఊరికి అమ్మేది ఏమిటి? అవే. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు. చూపించలేకే కదా ఆపిల్ కేకు పళ్లెంతో సహా సింకులో పడేశావు.

డాక్టరు సూటిగా చెప్పాడు. కాలికి కొత్త నాళం కుట్టాం, మళ్లీ సిగరెట్ ముట్టుకుంటే ఆ నాళం మూసుకుపోతుంది, అప్పుడిక మోకాలి కింద కోసేయడమే అని. పేరుపండుగకి నేనిచ్చిన వేప్ యంత్రం, దాంట్లో ఆవిరి చేసి పీల్చడానికి నా చేతులతో కలిపిన ఒక్క సీసా నికోటిన్ ద్రవం, ఆయన్ని సిగరెట్ నుంచి విడిపించాయి. నీ కొట్టులో దొరికే సీసాల వల్ల కాలేదు. వాటిలో ప్రతి చుక్కకీ సర్కారు పన్ను, కంపెనీ లాభం కలిసి ఉంటాయి. తన పొగ తానే చేసుకునేవాడు ఎవరికీ బానిస కాడు. ఇది నేను ముందూ చెప్పాను, నువ్వు నవ్వావు.

పార్సెల్‌లో నాలుగు సీసాలున్నాయి. చెర్రీ, పైపు పొగాకు కలిసిన రుచి, నాన్నకి నచ్చిందే. ఇవి నిన్న కలిపినవి. నాన్నకి చెప్పు, రెండు వారాలు నానాలి. అప్పుడు వాడుకోవచ్చు. అంతకు మించి ఈ పనిలో నువ్వు వేలు పెట్టకు. ఇది నీకు తెలిసిన వ్యాపారం కాదు.

ఎవరికీ పన్ను కట్టని
కాయెతాన్

●

వావ్బ్జిఖ్, 19 మే

స్వతంత్ర రాజ్యాధిపతి కాయెతాన్‌కి,

సీసాలు ముట్టాయి. ఒకటి మూత వదులై కారింది. నీ రాజ్యంలో మూత బిగించే శాఖ లేదు కాబోలు. నా కొట్టులో వార్తాపత్రికల కట్ట మొత్తం చెర్రీ వాసన. ఒక ముసలాయన క్రీడల పేజీ వాసన చూసి ఇంకోటి కొనుక్కుపోయాడు.

నువ్వు చెప్పింది చెప్పినట్టే నాన్నకి చేరవేశాను. రెండు వారాలు నానాలట నాన్నా, అన్నాను. తల ఊపాడు. నేను వేలు పెట్టలేదు. పెట్టను కూడా. నలుగురిలో నన్ను హంతకురాలన్నవాడి పనిలో వేలు పెట్టేంత ఓపిక నాకు లేదు.

ఒక్క మాట. నేను నా కిటికీలోంచి బస్సు టికెట్లు, పత్రికలు, చూయింగ్ గమ్, అగ్గిపెట్టెలు కూడా అమ్ముతాను. ఆ డబ్బులతోనే నువ్వు మూడేళ్లు యూనివర్సిటీకి పోయి, చివరికి చదువు మానేసి, కరపత్రాలు చదువుకుంటూ ఖాళీ ఇల్లు ఆక్రమించుకుని కూర్చున్నావు. అప్పుడు ఆ డబ్బు కంపు కొట్టలేదు.

నాన్నకి పియెరోగీలు ఉడికించే వేళైంది. నువ్వు రైలెక్కితే గంటన్నర ప్రయాణం. ఎక్కవు, తెలుసు.

బొగ్నా

●

వ్రోత్స్వావ్, 26 మే

అక్కా,

అక్కా అని రాశానని మెత్తబడ్డాననుకోకు. అలవాటు చెయ్యి రాసేసింది.

నీ డబ్బు సంగతి ఎత్తావు. ఎత్తుతావని తెలుసు. మనుషుల్ని అప్పుల్లో కట్టిపడేసి, ఆ తాడు పట్టుకుని లాగడం కొట్టు పెట్టుకున్నవాళ్ల పాత విద్య. నేను మీ కొట్టులో అడుగు పెట్టను, అది సిగరెట్లు అమ్మినన్నాళ్లూ ఆ ఇంటి గడపా తొక్కను. ఆ రోజు గుమ్మంలో అన్నాను. నా మాటకి విలువుంది.

నాన్నతో ఫోన్లో మాట్లాడాను. ఎప్పటిలాగే పొడి మాటలు. "ఎలా ఉంది నాన్నా సరుకు?" అన్నాను. "రంగు బాగా తిరుగుతోందిరా" అన్నాడు. "కాలు?" అన్నాను. "ఉంది" అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు విన్నది నా పదో ఏట సైకిలు బాగుచేసినప్పుడు, మళ్లీ ఇప్పుడు. నువ్వు ఆ మాట ఊరికే పోనివ్వవని తెలిసినా రాస్తున్నాను.

ఇంకో మూడు సీసాలు పంపుతున్నాను. మూతలు బిగించాను.

కాయెతాన్

●

వావ్బ్జిఖ్, 15 జూన్

కాయెతాన్‌కి,

వేళాకోళాలకి టైము లేదు. నిన్న నాన్న కోటు ఉతుకుదామని తీశాను. జేబులో సిగరెట్ పీకలు. అడిగితే, "ఎవరివో" అన్నాడు. కోటు ఎవరిది నాన్నా అంటే కిటికీ వైపు తిరిగిపోయాడు.

నీ సరుకు సంగతి కూడా అడిగాను. ఒక సీసా రుచి చూశాడట. "పస లేదు, తడి కాగితం పీల్చినట్టుంది" అన్నాడు. నేనూ సీసా ఎత్తి చూశాను. అక్కడక్కడా గాజులో దారాలు తేలినట్టు గీతలున్నాయి. నీ మిశ్రమం కలవలేదు. పైన నీళ్లు, అడుగున మందు. ఇదా నువ్వు గొప్పగా చెప్పుకునే చేతి పని? గ్లిజరిన్ తేనెలా ఉంటుందని నీ కరపత్రాల్లో రాయలేదా? సీసా పట్టుకుని ఊపేస్తే అయిపోతుందనుకున్నావా?

కాలి వేళ్లు రెండు చల్లగా ఉన్నాయి. నేను పట్టుకుని చూశాను. నువ్వు పట్టుకుని చూడలేదు.

బొగ్నా

●

వ్రోత్స్వావ్, 20 జూన్

బొగ్నా గారికి,

నాన్న జేబులోకి పీకలు ఎలా వచ్చాయో అడగాల్సింది నన్నా? ఊళ్లో సిగరెట్ల కిటికీ ఎవరిది? నా సరుకు పనిచేస్తే ఒక ఖాతాదారు తగ్గుతాడు. అది నీకు నచ్చదు. "పస లేదు" అని ఆయన చెవిలో పోసింది నువ్వే అయి ఉంటావు. ఆయన నాతో "రంగు బాగా తిరుగుతోంది" అన్నాడు కదా, మరి నీతో వేరేలా ఎందుకన్నాడు?

కానీ గీతల మాట నన్ను కుదిపింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను చేత్తో ఊపే కలుపుతున్నాను. నికోటిన్ ద్రవం మనకి వేలెడంత సీసాల్లోనే అమ్ముతారు, సర్కారు దయ. అవన్నీ ఒక్కొక్కటే పిండి, గ్లిజరిన్‌లో పోసి, ఊపి, ఊపి, భుజాలు పడిపోతాయి. అడుగున కలవకుండా ఉండిపోవచ్చు. అందుకని మాగ్నెటిక్ స్టిరర్ కావాలి. బీకరు అడుగున ఒక తెల్లటి అయస్కాంతపు కడ్డీ వేస్తారు. కింద పెట్టెలో ఇంకో అయస్కాంతం తిరుగుతుంది. దానితో పాటు కడ్డీ తిరిగి, ద్రవం మధ్యలో సుడి లేస్తుంది. చెయ్యి తగలదు, గరిటె తగలదు.

దుకాణంలో కొనను. పాత కంప్యూటర్లోంచి ఫ్యాన్ ఊడదీశాను, పాడైన హార్డ్ డిస్కులోంచి అయస్కాంతాలు పీకాను, ఫ్యాను మీద అంటించాను, పైన అట్టపెట్టె మూత. ఈ ఆక్రమించిన ఇంట్లో నాతో ఉండేవాళ్లందరూ చుట్టూ నిలబడి చూశారు. మొదట నీళ్లు పోస్తే సుడి అందంగా లేచింది. కంపెనీ లేకుండా, పన్ను లేకుండా తిరుగుతున్న సుడి. నువ్వూ చూసి ఉండాల్సింది.

దీనితో కలిపినవి రెండు సీసాలు ఇందులో ఉన్నాయి. ఇప్పుడు చెప్పమను, పస లేదని.

కాయెతాన్

●

వావ్బ్జిఖ్, 7 జులై

కాయెతాన్,

నా కిటికీ దగ్గరికి నాన్న రాడు. వస్తే ఊరంతా వినేలా తిట్టి పంపుతానని తెలుసు. ఆ పీకలు మన భవనంలోనే పక్క మెట్ల వైపు ఉండే సొబోతా సిగరెట్ పెట్టెలోవి. మేడ మీది పావురాల గూడు దగ్గర కూర్చుని ఇద్దరూ పీలుస్తున్నారు. నేను పట్టుకున్నాను. సొబోతా లేచి నిలబడి, "ఒక్కటే అమ్మా, ఆయన ఆశగా చూస్తుంటే ఎలా" అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను, పావురాలు కూడా లేచిపోయాయి.

ఇప్పుడు నువ్వు నాకు చేసిన అవమానం సంగతి. నాన్న కాలు పోతే నాకు లాభమని రాశావు. ఈ వాక్యం దాచిపెడతాను. నీ పెళ్లిలో చదువుతాను.

కొత్త సీసాలు కూడా అంతేనట. ముందువాటి కంటే ఘోరం అన్నాడు. రంగు మాత్రం కాఫీలా అయింది. నీ ఫ్యాను బొమ్మ తీసి చెత్తలో పడేయ్. మనుషులు వాడే యంత్రం కొను, వేడి పళ్లెం ఉన్నది. నేను కనుక్కున్నాను, అడుగున వేడి పెడితే గ్లిజరిన్ పల్చబడి ఇట్టే కలుస్తుందట. నా కొట్టుకి సరుకు తెచ్చే కుర్రాళ్లకి కూడా తెలిసిన విషయం ఇది, నీకు తెలియదు.

బొటనవేలి పక్కవేలు రంగు మారింది. వచ్చే వారం డాక్టరు చూస్తాడు.

బొగ్నా

●

వ్రోత్స్వావ్, 11 జులై

బొగ్నా,

నీ సలహా చదివి మా గదిలో గట్టిగా నవ్వాను. వేడి పళ్లెం. సరుకు తెచ్చే కుర్రాళ్లు. అమ్మేవాడికి ఎక్కువ మీటలున్న యంత్రం అమ్మడమే పని. కొనేవాడు మీట చూసి మురుస్తాడు.

విను. ఫ్యాను విఫలమైంది, ఒప్పుకుంటాను. నీళ్లలో తిరిగింది కానీ చిక్కటి గ్లిజరిన్‌లో కడ్డీ రెండు చుట్లు తిరిగి, ఎగిరి, గాజుకి కొట్టుకుని, పక్కకి ఒదిగి పడుకుంటోంది. ఫ్యానుకి బలం చాలదు. బలం చాలక నేను వేగం పెంచాను. వేగం పెంచితే సుడి అడుగు దాకా దిగి గాలిని లోపలికి లాగేస్తోంది. తెల్ల నురగ. అది తప్పు. నాది. రాసుకో.

అందుకే వారం రోజులుగా స్టిరర్ల గురించే చదువుతూ కూర్చున్నాను. తెలుసుకున్నది ఇది. ఎక్కువ వేగం అక్కర్లేదు, నెమ్మదిగా, ఆగకుండా, బలంగా తిప్పే మోటారు కావాలి. కడ్డీ పొడుగ్గా ఉండాలి, బీకరు అడుగుకి సరిపడా. పై పలక పింగాణీది అయితే ద్రవం ఒలికినా తుడిస్తే పోతుంది, ఇనుపదైతే మరకలు. అంకెలు చూపించే తెర అక్కర్లేదు, తిప్పే మీట చాలు. వేడి మాత్రం వద్దు. ఎందుకో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్తాను. నికోటిన్‌కి శత్రువులు మూడు. వేడి, వెలుతురు, గాలి. ఈ మూడూ తగిలితే రంగు గోధుమకి తిరుగుతుంది, పస చస్తుంది. అందుకే నాననివ్వాలంటే మూత బిగించి చీకటి అరలో పెడతాం. ఇది ఈ పని చేసే ప్రతివాడికీ మొదటిరోజే తెలుస్తుంది. నీకు తెలియదు, అయినా నోరు ఆగదు.

నీతో వాదించి గెలవడానికి రాయడం లేదు. నాన్న కాలు కోసం రాస్తున్నాను. కొనాలా, మోటారు మార్చి నేనే చేయాలా అన్నది మాత్రం తేలలేదు. కొంటే నేను ఇన్నాళ్లూ అన్నవన్నీ ఏమైపోతాయి?

వేలు సంగతి డాక్టరు ఏమన్నాడో రాయి. తిట్లు తర్వాత.

కాయెతాన్

●

వావ్బ్జిఖ్, 14 జులై

కాయెతాన్,

నీ ఉత్తరం కొట్టులో చదివాను. మూడు శత్రువుల పేర్లు చదివి కిటికీ మూసేసి ఇంటికి పరిగెత్తాను. బస్సు టికెట్ కోసం నిలబడ్డవాళ్లు తిట్టుకున్నారు.

మూడూ నాన్న వంటింటి కిటికీలో ఉన్నాయి.

నీ సీసాలు అన్నీ అక్కడే వరుసగా ఉన్నాయి. మూతలు తీసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, దారం చుట్టి, ఎండలో. పక్కనే ఆయన చెర్రీ నలెవ్కా జాడీలు, వోడ్కాలో పళ్లు వేసి ఎండకి పెట్టినవి, ప్రతి ఏడూ పెట్టేవే. నేను మొదటి వారం నుంచీ చూస్తున్నాను. రోజూ ఆ కిటికీ ముందే బంగాళాదుంపలు తరిగాను. నువ్వు అలా చెయ్యమన్నావనుకున్నాను. వేలు పెట్టొద్దన్నావు, పెట్టలేదు.

అడిగాను. "ఎవరు చెప్పారు నాన్నా ఇలా పెట్టమని?"

"వాడేగా చెప్పాడు, నానాలని" అన్నాడు. "నానబెట్టడం నాకు నేర్పుతావా నువ్వు?"

"రెండు వారాలన్నాడు. ఇప్పటికి రెండు నెలలు."

"రెండు వారాలు వాడి తొందర. ఊరు వదిలి నగరానికి పోయిన కుర్రాడు. మంచి సరుకు ఆకులు రాలేదాకా ఆగాలి. ఇదిగో ఇది రుచి చూశా, ఇంకా పండలేదు. పండకుండా తాగేస్తే పిల్లాడి పనికి విలువేముంది?"

"మరి అందాకా?"

"అందాకా సొబోతా ఉన్నాడుగా."

అంతే. నువ్వు పేరుపండుగకి ఇచ్చిన మొదటి సీసా నువ్వే అక్కడ నానబెట్టి తెచ్చావు. అది వాడాడు, సిగరెట్ మానేశాడు. అది అయిపోయాక పార్సెళ్లలో వచ్చినవన్నీ పండాలని కాచుక్కూర్చున్నాడు, కాచుక్కూర్చున్నంత సేపూ సిగరెట్. ప్రతి సీసాకీ చీటీ అంటించాడు. మన అమ్మ చేసిన నలెవ్కాకి అంటించేవాడే, అలా. "కాయెతాన్, 2024" అని. సొబోతాకి ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదట.

తప్పు ఎవరిదో నేను రాయను. రాస్తే నువ్వు దాన్నీ కరపత్రం చేస్తావు.

వేలు నల్లబడింది. ఎల్లుండి ఆసుపత్రిలో చేర్చుకుంటున్నారు. వేలు తీస్తారు. కాలి సంగతి ఆ తర్వాత చెప్తారట.

బొగ్నా

●

వ్రోత్స్వావ్, 17 జులై

అక్కా,

స్టిరర్ కొన్నాను. కొన్నాను అని రాస్తున్నాను, చదువుకుని నవ్వుకో. వేడి పళ్లెం లేనిది, పింగాణీ పలకది, ఒక్క మీటది. దుకాణంలో నిలబడ్డప్పుడు మా వాళ్లెవరైనా చూస్తారేమోనని టోపీ కిందికి లాక్కున్నాను. బల్ల మీద పెట్టి మీట తిప్పాను. చప్పుడే లేదు. సుడి సన్నగా, నిలకడగా, గాలి మింగకుండా తిరిగింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, నీ మీద అనుకుని ఊరుకున్నాను.

ఆయనకి నిజం చెప్పు. ఎండ సరుకుని చంపేసిందని, కిటికీలో ఉన్నదంతా పారబోయాలని. మనిషికి తన గురించిన నిజం తెలుసుకునే హక్కుంది. నువ్వు చెప్పకపోతే నేను రాసి పంపుతాను.

చీటీల గురించి నువ్వు రాయకుండా ఉండాల్సింది.

కాయెతాన్

●

వావ్బ్జిఖ్, 2 ఆగస్టు

ఒరేయ్ కాయెతాన్,

రెండు వేళ్లు తీశారు. కాలు ఉంది. డాక్టరు నాళం చూసి, "సన్నగా పారుతోంది, కానీ పారుతోంది. ఇక ఒక్క సిగరెట్ కూడా కాదు" అన్నాడు. ఈసారి నాన్న ముఖం చూస్తూ అన్నాడు, నా ముఖం కాదు.

నిజం చెప్పమన్నావు. చెప్పాను. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని వేడి, వెలుతురు, గాలి అని నీ పాఠం అప్పజెప్పాను. నాన్న విన్నాడు. విని, "నీ తమ్ముడికి చదువుంది, అనుభవం లేదు" అన్నాడు. "నలెవ్కా ఎండలో పెడతారు. అమ్మా పెట్టింది, అమ్మమ్మా పెట్టింది." గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నీ హక్కు అంతవరకే పనిచేసింది. ఇంటికి రాగానే సొబోతా కోసం పావురాల గూడు దగ్గరికి పోతాడని నాకు అర్థమైంది. ఎందుకంటే సరుకు ఇంకా పండలేదు కదా.

అందుకని నేను చేసింది విను. నచ్చకపోతే మింగు.

నువ్వు ఆ స్టిరర్‌తో కలిపి పంపిన సీసాలు కొట్టులో నా బల్ల కింద, చీకట్లో, మూత బిగించి ఉంచాను. నువ్వు చెప్పిన రెండు వారాలకి కొంచెం తక్కువే అయింది, ఆగే వీల్లేదు. ఆయన ఇంటికొచ్చిన రోజు ఒకటి తీసుకెళ్లాను. దాని మీద నేనే చీటీ అంటించాను, ఆయన రాతలాగా వంకరగా. "కాయెతాన్, 2023" అని.

"ఇదేంటి?" అన్నాడు.

"పోయినేడాదిది నాన్నా. వాడు నీ కోసం దాచి ఉంచాడట. ఇప్పుడు పంపాడు."

సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్క గీత లేదు, మొత్తం ఒకే ద్రవం. యంత్రంలో పోసుకుని పీల్చాడు. కళ్లు మూసుకున్నాడు.

"అదీ," అన్నాడు. "ఇది పండింది. చెప్తే వినరు. ఏడాది పట్టింది, చూశావా?"

అప్పట్నుంచీ సొబోతా పలకరిస్తే పొమ్మంటున్నాడట. సొబోతాయే నా కొట్టుకొచ్చి చెప్పాడు, కొంచెం అలిగి. కిటికీలో ఉన్నవి కాఫీ రంగుకి తిరిగి నిద్రపోతున్నాయి, ఎవరూ కదపరు.

ఇక నీ సంగతి. నువ్వు రావాలి. కొట్టులో సిగరెట్లు ఉన్నాయి, రేపూ ఉంటాయి, నీ ప్రతిజ్ఞ గుమ్మంలో చెప్పులతో పాటు వదిలి లోపలికి రా. వచ్చాక నాన్న నీకు ఆ 2023 సీసా చూపించి పాఠం చెప్తాడు. ఎండ గురించి, ఓపిక గురించి, నగరం కుర్రాళ్ల తొందర గురించి. గంటకి తక్కువ చెప్పడు. నువ్వు నోరెత్తకూడదు. తల ఊపాలి. నిజం అని, హక్కు అని ఒక్క ముక్క అన్నావంటే మెట్ల మీంచి నేనే తోస్తాను. ఆయన ఆ కాలు ఇప్పుడు నీ నోటి మీద నిలబడి ఉంది.

చేయగలవా? నాకు నమ్మకం లేదు. రాయి.

బొగ్నా

●

వ్రోత్స్వావ్, 6 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చించబోయాను. నువ్వు నాన్నకి అబద్ధం అమ్మావు. కొట్టు బుద్ధి. చీటీ మార్చి సరుకు అంటగట్టడం కంటే నీకు ఇంకేం వచ్చు? నేను ఇన్నేళ్లుగా తిట్టిన ప్రతి కంపెనీ చేసే పని ఇదే, ఇంకోటి కాదు. నిన్ను ఈ విషయంలో క్షమించను.

శనివారం పొద్దున బండికి వస్తున్నాను. తల ఊపుతాను.

ఈ పార్సెల్‌లో పోయినేడాది సరుకు ఇంకో రెండు సీసాలున్నాయి. చీటీలు నేనే అంటించాను. నీ రాత నమ్మేలా లేదు.

కాయెతాన్